అరకులోయకు ఒకనాటి ప్రయాణము

నేను ముప్పది రెండు సంవత్సరములు శృంగవరపుకోట ప్రాంతమున నొక గ్రామోన్నత పాఠశాలయందు తెలుగు పండితుడనుగా నుండి విశ్రాంతి గొన్నవాడను. మా పాఠశాల వసారాలో నిలిచి పడమటికి చూచినచో తూర్పుకనుమలు కనబడును. వాన వెలిసిన మఱునాడు అవి చేతికందునంత దగ్గరగా నుండును. వేసవి మధ్యాహ్నమున పొగవలె మాసిపోవును. ముప్పది రెండేండ్లు ఆ కొండలను చూచుచు పాఠము చెప్పితిని. ఒక్కనాడైనను వానిమీదికి పోలేదు. కాశికి పోయితిని, రామేశ్వరమునకు పోయితిని. ఇంటికి ఇరువది క్రోసులలో నున్న అరకులోయకు పోవుటకు మాత్రము నాకు అఱువది యాఱవ యేడు రావలసి వచ్చెను.

దీనికొక కారణమున్నది. మా చిన్నతనమున మన్యమునకు పోవుట యనగా ప్రాణముమీద ఆశ వదలుకొనుటయే. అచ్చటి చలిజ్వరము పట్టినచో మనిషి లేచునన్న నమ్మకము లేదు. అది కొండనీటివలన వచ్చునని కొందఱు, ఆకు కుళ్లిన గాలివలన వచ్చునని కొందఱు చెప్పుకొనెడివారు. దోమవలన వచ్చునని రొనాల్డ్ రాస్ అను వైద్యుడు 1897లో మన సికింద్రాబాదునందే కనిపెట్టినాడు గాని, ఆ మాట మా యింటి పెద్దలవఱకు చేరుటకు చాలకాలము పట్టినది. ఇది మొదటి కారణము. రెండవది చెప్పుకొనుటకు సిగ్గుపడవలసినది. దానిని కొంత తడవైన పిదప చెప్పెదను.

గత మార్గశిరమాసమున, విశాఖపట్టణమున చదువుకొనుచున్న మా దౌహిత్రుడు, "తాతయ్యా, నీవు రాకున్న నేనును పోను" అని పట్టుపట్టి రెండు టిక్కెట్లు కొన్నాడు. అరకు పోవు రైలు మా యూరి పొలిమేరమీదుగనే పోవును. అట్టి రైలు నెక్కుటకు నేను ముందునాటి సాయంకాలము బస్సెక్కి విశాఖకు పోవుట చూచి మా వీథివారు నవ్విరి. కాని పిల్లవాడు కోరినది అద్దాల పెట్టె. 2017నుండి ఈ రైలునకు అట్టి పెట్టె యొకటి తగిలించుచున్నారు. పైకప్పునను అద్దములే. దానియందు రేవు మొదలుకొని కూర్చుండి పోవలెనని వాని ముచ్చట.

నేను బయలుదేఱునప్పుడు మా పొరుగాయన, చిరకాలమిత్రుడు, అరుగుమీదినుండి కేకవేసి, "మాష్టారూ, అరకులో ఎకరమో రెండెకరములో భూమి దొరకునేమో విచారించి రండి. పిల్లలకు పనికివచ్చును" అనెను. సరే యంటిని. ఆ మాటలో తప్పున్నదని నాకప్పుడు తోచలేదు.

తెల్లవాఱిన కొంతసేపటికి రైలు కదలినది. సింహాద్రినాథునకు కూర్చున్న చోటనే నమస్కరించితిని. పెందుర్తి దాటి కొత్తవలస చేరగానే మా రైలు పెద్దమార్గమును విడిచి వాయవ్యమునకు తిరిగెను. ఈ దారి మనవంటి యాత్రికుల కొఱకు వేసినది కాదు. బస్తరు సీమలోని బైలడిల కొండలనుండి ఇనుపరాతిని విశాఖ రేవునకు దింపి జపాను దేశమునకు పంపుటకై 1960లో ఒడంబడిక జరిగినది. దాని ఫలముగా ఆ దశాబ్దమునందే కొత్తవలసనుండి కిరండూలు వఱకు నాలుగువందల కిలోమీటర్లకు పైగా కొండలను తొలిచి ఈ మార్గమును వేసిరి. రాయి దిగుటకు వేసిన దారిని మనుష్యులు ఎక్కుట తరువాతి మాట.

శృంగవరపుకోట దాటినపిదప మా పాఠశాల కనబడినది. పిల్లలింకను రాలేదు. వసారా ఖాళీగా నుండెను. నేను నిలిచి కొండలను చూచుచుండిన స్తంభమును మనుమనికి చూపబోవునంతలో చింతచెట్లు అడ్డము వచ్చెను.

బొడ్డవర దాటి శివలింగపురము చేరినది మొదలు రైలు కొండ నెక్కసాగెను. సొరంగములు ఏబది యెనిమిదియని చెప్పుదురు. మనుమడు లెక్కపెట్టుటకు కాగితము తీసెను గాని ఇరువది దాటినపిదప మఱచిపోయెను. చీకటి క్రమ్మినప్పుడెల్ల పెట్టెలోని పిల్లలు గట్టిగా కేకలు వేయుదురు. వెలుతురు రాగానే సిగ్గుపడినట్లు ఊరకుందురు. ఒకవైపు నిలువు రాతిగోడ, ఒకవైపు లోయ, లోయలో మనము కొంతసేపటి క్రిందట దాటివచ్చిన పట్టాలే సన్నని గీతవలె కనబడుట! కావ్యములయందు పర్వతవర్ణనలు చాల చదివితిని, చదివించితిని. అవి యన్నియు క్రిందనుండి చూచి వ్రాసినవే యని ఆనాడు నాకనుమానము కలిగినది.

త్యాడ దాటిన పిదప మా రైలు నొక స్టేషనున నిలిపి ఎదురు బండికి దారి యిచ్చిరి. ఇనుపరాతి బండి. ముందు రెండు మూడింజనులు, వెనుక పెట్టెమీద పెట్టె, ఎఱ్ఱని నల్లని ధూళి. అది దాటిపోవువఱకు పెట్టెలోని వారెవ్వరును మాటలాడలేదు. పిమ్మట చిమిడిపల్లి, బొర్రగుహలు, కరకవలస వచ్చినవి. షిమిలిగుడ వచ్చినది. సముద్రమునకు రమారమి వేయి మీటర్ల యెత్తున నున్న ఈ చిన్న స్టేషను, వెడల్పు పట్టాల మార్గములలో దేశమునందెల్ల ఎత్తైనదని చాలకాలము పేరు గాంచినది; కాశ్మీరమున రైలు వేసినపిదప ఆ పేరు పోయినది. అచ్చటనుండి కొంచెము దిగినచో అరకు.

పదకొండు గంటల ప్రాంతమున దిగితిమి. లోయ చుట్టును కొండలు, నడుమ చేలు, చేలనిండ వలిసెపూల పసుపు. గాలి చల్లగా నుండుటచే ఉత్తరీయమును మెడకు చుట్టుకొంటిని. మొదట అందఱివలె గిరిజన ప్రదర్శనశాలకు పోయితిమి. మట్టితో చేసిన నిలువెత్తు బొమ్మలు, ధింసా నృత్యము చేయు స్త్రీలు, తిరుగలి విసరు ముసలమ్మ, వేటకు పోవువారు. బాగుగనే చేసిరి. కాని ద్వారమువెలుపల అట్టి ముసలమ్మయే అడ్డాకులకట్ట నెత్తిన బెట్టుకొని పోవుచుండగా, లోపల ఆమె బొమ్మ యెదుట మనము నిలిచి చూచుట నాకేలనో యిబ్బందిగా తోచినది. త్వరగా బయటికి వచ్చితిమి.

ఆనాడు సంత. పసుపు, చింతపండు, పిప్పళ్లు, సీకాయ, కొండచీపుళ్లు, రాజ్మా గింజలు, చోళ్లు, సామలు. తెల్లవాఱక మునుపే కావడులతో దిగివచ్చినవారు నేలమీద గోనెలు పఱచి కూర్చుండిరి. పసుపు బేరమాడుటకు నేనొక వృద్ధురాలి యెదుట కూర్చుంటిని. ఆమె నాతో మాటలాడినది తెలుగే. ప్రక్కన మూడు నాలుగేండ్ల మనుమరాలు. ఆ పాప ఏదో అడిగినది. ముసలమ్మ వెనుకనున్న నీటిసీసాను తీసి యిచ్చుచు తమ భాషలో ఒక మాట యన్నది. ఆ మాటలోని రేఫము నా చెవిని పడినది. నాలుకను అదరించి, గట్టిగా, నిండుగా పలికిన రేఫము. నేను బేరము మఱచితిని.

తడవైన పిదప చెప్పెదనన్న సంగతి ఇదియే. నేను ఉద్యోగమున చేరిన నాలుగైదేండ్లకు మా పాఠశాలలో ఎనిమిదవ తరగతియందు ఒక కొండదొర బాలుడు చేరెను. నల్లని చురుకైన పిల్లవాడు. పద్యము ఒకమాఱు వినినచో ఒప్పచెప్పును. కాని కొన్ని మాటలయందు రేఫము వచ్చినచో ఇతరులవలె పలుకక నాలుకను గట్టిగా ఆడించును. ఒకనాడు తరగతిలో వానిచేత పద్యము చదివించి, ఆ యుచ్చారణమును నేనే అనుకరించి చూపితిని. తరగతియంతయు నవ్వెను. నేనును నవ్వితిని. వాడు తలవంచుకొని నిలిచెను. సంక్రాంతి సెలవులకు కొండకు పోయిన యా బాలుడు మఱల రాలేదు. కొండవాండ్రకు చదువు నిలువదని ఉపాధ్యాయుల గదిలో అన్నవాడను గూడ నేనే.

పెద్దలలో పలువురకు జ్ఞాపకముండును. మన తెలుగున రేఫములు రెండు. సాధురేఫ మొకటి, శకటరేఫ మొకటి. దీనినే బండి ఱ యందుము. 'ఏరు' అని వ్రాసిన నాగలి; 'ఏఱు' అని వ్రాసిన నది. యతిప్రాసలయందు ఒకదానికి రెండవదానిని చెల్లింపరాదని కఠినులైన లాక్షణికులు శాసించిరి. ఏ మాటయందు ఏ రేఫమున్నదో మా గురువుగారు మాచేత పట్టికలు వల్లె వేయించిరి. ఎందుకనగా చెవికి భేదము తెలియదు. మన నోట ఆ రెండును ఎన్ని శతాబ్దముల క్రిందటనో కలిసిపోయినవి. వ్రాతలో మాత్రము మిగిలియున్న భేదమిది. నేనును అట్లే పిల్లలచేత వల్లె వేయించితిని; తప్పు వ్రాసినచో మార్కులు తగ్గించితిని.

విశ్రాంతి గొన్న పిమ్మట ఒక గ్రంథాలయమున నాకు భద్రిరాజు కృష్ణమూర్తిగారు కొండభాషను గూర్చి 1969లో ఆంగ్లమున ప్రకటించిన పుస్తకము కనబడినది. ఈ కొండదొరల భాషనే కూబి యనియు నందురు. ఇది మన తెలుగునకు దగ్గరి చుట్టము. కొండదొరలలో పలువురు నేడు తెలుగో ఒడియాయో మాటలాడుదురు గాని, కొన్ని యూళ్లలో ఈ భాష నిలిచియున్నది. ఈ భాష మాటలాడువారి నోట రెండు రేఫములును నేటికిని వేఱువేఱుగ నున్నవని చదివి నేను పుస్తకము మూసివేసితిని. మనము తాళపత్రములలో పాతిపెట్టిన శకటరేఫము ఆ కొండలమీద ప్రాణముతో నున్నది. వారి భాషలో నీటిని 'ఏఱు' అందురు. మనకు నదియైనది వారికి నీరు. నా తరగతిలో నిలుచుండి దానిని సరిగా పలికినవాడు ఒక్కడే యుండగా, వానిని చూచి నేను నవ్వించితిని.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి సవరభాష నేర్చి, సవర పిల్లలకు తమ సొమ్ముతో బడులు పెట్టిరి. 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. మా గురువుగారు గ్రాంథికవాదులు. పంతులుగారి పేరెత్తినచో చెవులు మూసుకొనెడివారు. నేనును నేటికిని వ్రాతలో గ్రాంథికమును విడువలేకున్నాను. మీరు వినుచున్నదే సాక్ష్యము. అయినను, కొండబిడ్డ నోటిమాటను చెవియొగ్గి వినవలెనన్న విషయమున ఆ పక్షమువారిదే గెలుపు. దానిని ఒప్పుకొనుటకు నాకు ఇన్నేండ్లు పట్టినది.

ఆ వృద్ధురాలిని తమ రేదొర లని అడుగుటకు నోరు రాలేదు. పసుపునకు ఆమె చెప్పిన ధర యిచ్చి లేచితిని. "బేరమాడకుండ కొన్నావే!" అని మనుమడు ఆశ్చర్యపడెను.

మధ్యాహ్న భోజనమైన పిదప ఒక జీపు మాటలాడుకొని ఘాటురోడ్డున దిగసాగితిమి. నడుపువాడు పాతికేండ్ల గిరిజన యువకుడు. రెండేండ్లు కళాశాలలో చదివినవాడు. గాలికొండ మలుపున బండి నిలిపినప్పుడు, పొరుగాయన మాట జ్ఞాపకము వచ్చి, ఇచ్చట భూమి ధరలెట్లున్నవని అడిగితిని. వాడు కొంతసేపు రోడ్డువైపు చూచి, "మాష్టారూ, మాది మేము అమ్మినా చెల్లదు, మీరు కొన్నా చెల్లదు" అనెను. కోపముతో ననలేదు. నిత్యము ఎవరో ఒకరికి చెప్పు మాటవలె చెప్పెను.

తరువాత దారిపొడవున వాడు చెప్పినదియు, నేను చదివినదియు కలిపి చెప్పుచున్నాను. మన్యమునందలి భూమి మైదానపువారి చేతికి పోరాదని 1917లోనే ఒక చట్టము చేసిరి. 1959లో మొదటి రెగ్యులేషనును, 1970లో దానికి సవరణను చేసి దానిని బిగించిరి. ఆ ప్రకారము అమ్ముచున్నవాడు ఎవడైనను సరే, గిరిజనుడు కానివానికి ఏజెన్సీలోని భూమి చెందదు. ఇట్టి కట్టుదిట్టము ఏల వచ్చినదో మన పల్లెల పెద్దలకు నేను చెప్పనక్కఱలేదు. ఉప్పు, కిరసనాయిలు, బట్ట అప్పిచ్చి, పంటకాలమున కొండెక్కి వడ్డీకి వడ్డీ కట్టి, చివరకు పొలమే వ్రాయించుకొన్నవారు మన మైదానములనుండి పోయినవారే. మా తాతగారి దస్తావేజుల పెట్టెలో అట్టి కాగితమును నేను బాల్యమున చూచితిని. ఒక ఉప్పు బస్తా నిమిత్తము కొన్ని చింతచెట్ల ఫలసాయము ఎన్నియో యేండ్లకు తనఖా. క్రింద వ్రేలిముద్ర. ఆ చింతపండుతో వండిన పులుసు నేనును తిన్నవాడనే గదా!

చట్టమున్నను తిరుగుదారులు వెదకువారుందురు. బొర్ర చుట్టుపట్ల గ్రామములలో గనులు త్రవ్వుకొనుటకు ప్రభుత్వము గిరిజనులు కానివారికి కౌలుపట్టాలిచ్చినది. సమత యను సంస్థ న్యాయస్థానము లెక్కి పోరాడినది. 1997 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది: ఈ చట్టము విషయమున ప్రభుత్వమును ఒక వ్యక్తివంటిదే, ఏజెన్సీలోని భూమిని, అది ప్రభుత్వపు భూమియే యైనను, గిరిజనులు కానివారికి గనులకై యిచ్చుట చెల్లదు. మా జీపువాడు ఆ తీర్పునాటికి పుట్టినవాడో కాడో. కాని దాని పేరు వానికి నోటికి వచ్చును. మా యూరిలో సుప్రీంకోర్టు తీర్పు ఒక్కటైనను పేరుతో చెప్పగలవారు ఎందఱున్నారు?

బొర్రగుహలకు దిగితిమి. సున్నపురాతిలోనికి నీరు లక్షల యేండ్లు ఇంకి, కరగించి, బిందువు బిందువుగా జాఱి కట్టిన మందిరమది. పైనుండి వ్రేలాడునవి, క్రిందనుండి మొలచునవి, కొన్నిచోట్ల రెండును కలిసి స్తంభములైనవి. మేత మేయుచున్న ఆవు పైనున్న రంధ్రమున లోపలికి పడగా, దానిని వెదకుచు దిగిన పసులకాపరికి లింగము కనబడినదని అచ్చటివారి కథ. లోపల రంగుదీపములు పెట్టినారు. నాకవి రుచింపలేదు, రాతి రంగే చాలునని నా మతము. మెట్లు చాల యున్నవి. మోకాళ్లనొప్పు లున్న పెద్దలు సగముదాక దిగి నిలిచినను నష్టము లేదు.

గుహ లోతున నీటి చప్పుడు వినబడును. అది గోస్తనీనది. ఈ యేఱే కొండలు దిగి, తాటిపూడి జలాశయమున నిలిచి, అచ్చటనుండి విశాఖపట్టణపు కుళాయిలకు కొంత పోయి, మిగిలినది భీమునిపట్టణమువద్ద సముద్రమున కలియును. తాటిపూడి మా మండలపు పొరుగుననే యున్నది. ఉదయము మేము నగరమున త్రాగి బయలుదేఱిన నీరు ఇచ్చటిదేనని చెప్పగా మనుమడు చాలసేపు ఆ చప్పుడు వినెను.

అనంతగిరి తోటలలో కాఫీపండ్లు కోయుచుండిరి. పొడవైన సిల్వరుఓకు చెట్ల నీడన, మిరియపు తీగల నడుమ, స్త్రీలు ఎఱ్ఱబడిన పండ్లను మాత్రమే ఏరి బుట్టలో వేయుచున్నారు. అరకు ప్రాంతపు కాఫీ పంటలో హెచ్చుభాగము ఎకరము రెండెకరముల గిరిజనుల తోటలలోనిదే. 2017లో పారిసు నగరమున దీనిపేర అంగడి తెఱచిరి. 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాఫీ నా దౌర్బల్యము. నలువదియేండ్లుగ వసారాలో గ్లాసు పట్టుకొని ఈ కొండలనే చూచుచు, ఎక్కడిదో తెలియని పొడిని త్రాగితిని. తోటప్రక్క పాకలో రెండు గ్లాసులు త్రాగి, వైద్యుని మాట కాదని మూడవది గూడ పుచ్చుకొంటిని.

దిగుచుండగా చీకటి పడినది. ఈ సీమకు 2022 ఏప్రిలునుండి అల్లూరి సీతారామరాజు జిల్లాయని పేరు. 1922లో చింతపల్లి ఠాణాపై పడిన ఆయన పోరాటము ఇచ్చటికి దూరముననే జరిగినది గాని, పోడు వద్దన్న అడవి చట్టము, కూలి యియ్యక చేయించిన రోడ్డుపని ఈ కొండలన్నిటికి తెలిసిన బాధలే. జీపు నడచుచున్న రోడ్డును చూచుచు ఈ మాటలు మనుమనికి చెప్పుచుంటిని. సంతలో నేనేల లేచిపోయితినని వాడడిగెను. ఆ బాలుని కథ చెప్పితిని. వాడు కొంతసేపూరకుండి, "ఆ అబ్బాయిది ఏ యూరు తాతయ్యా? ఈ దారిలోనిదేనేమో!" అనెను. పేరు జ్ఞాపకమున్నది. ఊరు జ్ఞాపకము రాలేదు.

మఱునాడు ఉదయము పొరుగాయన అరుగుమీదనే కాచుకొనియుండెను. భూమి దొరకదంటిని. బినామీగానైన దొరకునని తనకెవరో చెప్పినారనెను. దొరకినను నేను విచారింపనంటిని. ఆయన నాతో రెండు దినములు మాటలాడలేదు. ఇప్పుడు మాటలాడుచున్నాడు గాని ఆ ప్రస్తావన లేదు.

ఆ మధ్యాహ్నమే మా పాఠశాలకు పోయితిని. గుమాస్తా నా శిష్యుడే. బీరువా వెనుకనుండి ఆనాటి ప్రవేశపు రిజిస్టరును దుమ్ము దులిపి తెచ్చి యిచ్చెను. పుట దొరకినది. పేరు, తండ్రి పేరు, పుట్టినతేది అన్నియు నా చేతివ్రాతయే. తక్కిన పిల్లలందఱి యెదుటను గ్రామముపేరు, వీథిపేరు గూడ వ్రాసియుంటిని. వాని యెదుట నివాసమన్న గడిలో 'ఏజెన్సీ' అని మాత్రము వ్రాసితిని.